సెంగ్లా అక్క బొటనవేలు

మా ఊళ్ళో ఎవరికీ నొప్పి ఉండదు. నమ్మకపోతే అడిగి చూడండి. ఇటుకబట్టీలో మోసి మోసి నడుము వంగిపోయిన మనిషిని ఆపి "ఏం బాబాయ్, నడుం నొప్పా?" అంటే "అబ్బే, పర్లేదమ్మా" అంటాడు. పాము కరిచినా ఆ పాముని పట్టుకుని "నీ పళ్ళకేం కాలేదు కదా" అని అడిగే రకం మావాళ్ళు. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదన్నది మా వాంగ్ నది ఒడ్డున పుట్టిన ప్రతివాడికీ ఉగ్గుతోనే పోస్తారు. మొహమాటానికి పోతే కడుపయిందని సామెత. మా ఊళ్ళో ఆ కడుపయిన పిల్ల కూడా పర్లేదనే అంటుంది.

నాకు మాత్రం ఆ ఉగ్గు వంటబట్టలేదు. నా పేరు బువాచుమ్. గుడి వీధి మొదట్లో బియ్యప్పిండి నూడుల్స్ మీద బూరుగుపూల పులుసు పోసి అమ్ముతాను. మా అమ్మ పట్నం సంతలో చేపలమ్మిన మనిషి, ఆవిడ నోరే నాకొచ్చింది. తినేవాడి మొహం చూసి "ఉప్పు తక్కువైందా? అయితే అను, మింగకు" అంటాను. అందుకని నన్ను కారం చుమ్ అంటారు. నా వెనకాలే లెండి. ముందు అనడానికి మళ్ళీ మొహమాటం.

ఇలాంటి ఊళ్ళో నొప్పులు తీయడమే పనిగా బతికింది సెంగ్లా అక్క.

ఆమె దగ్గరికి పొద్దున్నే వెళ్ళాలి. గుడి ఆవరణలో నది వైపు ఒక చెక్క మండపం ఉంది. నీళ్ళ మీద మంచు లేవకముందే అక్కడ చాప పరిచి ఉంటుంది. మెట్లెక్కుతుంటే టక్, టక్ అని కర్ర మీద కర్ర పడే చప్పుడు వినబడుతుంది. పిడుగు పడ్డ చింతచెట్టు కర్రతో చేసిన చిన్న సుత్తి, మూతి మొద్దుగా ఉన్న ఒక కొయ్య మేకు, ఇవే ఆమె పనిముట్లు. మేకుని నాడి మీద ఆనించి తల మీద సుత్తితో మెల్లగా తడుతుంది. తట్టేది పిక్క మీద, వణుకు తెలిసేది చెవి వెనకాల. ఆ చప్పుడుకి కళ్ళు మూతలు పడతాయి కానీ నిద్ర రాదు. నది చాప కిందికి వచ్చి పారుతున్నట్టుంటుంది. ఎక్కడో ఎవరో పిల్చినట్టుంటుంది, పలకాలనిపించదు.

సుత్తి పట్టడం తర్వాత సంగతి. ముందు గూట్లో ఉన్న గురువు పళ్ళేనికి దండం పెట్టుకుంటుంది. పూలు, తమలపాకులు, మైనపు వత్తులు, గుప్పెడు బియ్యం ఉండే ఎర్ర లక్క పళ్ళెం అది. దండం అయ్యాక మన పాదం మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటుంది. అంతే, ఇంకేమీ చెయ్యదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఈవిడ కునుకు తీస్తోందనుకుంటారు. లేపడానికి మొహమాటపడి వాళ్ళూ అలాగే పడుకుంటారు. కాసేపటికి ఆమె ఊపిరీ వాళ్ళ ఊపిరీ ఒక్కసారే లోపలికి వెళ్ళి ఒక్కసారే బయటికొస్తాయి. అప్పుడు కదులుతుంది ఆ చెయ్యి.

"నా చెయ్యి ఎక్కడుంటే నీ మనసు అక్కడికి రావాలి," అనేది. "నువ్విక్కడ పడుకుని మనసుని సంతకి పంపించావనుకో, ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టినట్టే నా పని. ఎంతసేపు కొట్టినా తీసేవాళ్ళుండరు."

ఇది ఆమెకి పన్ తాత నేర్పిన విద్య. పన్ తాత ఒకప్పుడు భిక్షువు. చీవరం విడిచి ఊళ్ళోకొచ్చాక బండి తోలేవాళ్ళ నడుములు పట్టేవాడు. పదిహేనేళ్ళ పిల్ల సెంగ్లా వెళ్ళి, వాళ్ళమ్మ నడుము బాగుచెయ్యడానికి విద్య చెప్పమని అడిగితే, ఆయన నీళ్ళకుండ చూపించాడు. నిండా నీళ్ళు పోసి, కుండ మీద చెయ్యేసి కూర్చో, లోపల నీళ్ళు ఎప్పుడు కదలడం మానేశాయో చెప్పు, అన్నాడు. వానాకాలం అంతా ఆ పిల్ల కుండని పట్టుకునే కూర్చుంది. నీళ్ళు ఆగాయని ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఒకరోజు, "తాతా, కదిలేది నీళ్ళు కాదు, నేనే," అంది. ఆయన నవ్వి కుండ తీయించేసి గేదె దగ్గరికి తీసుకెళ్ళాడు.

మడుగులోంచి లేచొచ్చి నెమరేస్తున్న గేదె. దాని వీపు మీద చెయ్యేసి ఎక్కడ బిగుసుకుందో వెతకమన్నాడు. సరిగ్గా పట్టుకుంటే గేదె గుర్రుమని మూలిగి బరువంతా చేతి మీదికి వదిలేసేది. తప్పుచోట నొక్కితే తన్నేది. సెంగ్లా అక్క ఎడం మోకాలి మీద ఇప్పటికీ గిట్ట మచ్చ ఉంది. "గేదె దగ్గరే నేర్చుకోవాలే పిల్లా," అన్నాట్ట పన్ తాత. "మనిషి దగ్గర నేర్చుకుంటే చెడిపోతావు. మనిషి తన్నడు."

ఆ మాటకి అర్థం ఆమెకి అరవై దాటాక గానీ తెలియలేదు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "ఊళ్ళో అందరి నడుములూ తెలుసు నాకు. తెలిసి తెలిసి ఎవర్ని చేసుకోను?" అనేది. మనిషి సన్నగా వెదురులా ఉంటుంది, చేతులు మాత్రం మగవాళ్ళ చేతులు. కుడిచేతి బొటనవేలు మొదట్లో కాయగాసి, చివర పలకగా అయిపోయింది. ఆ వేలికి కళ్ళున్నాయని మా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళం. నిజంగానే ఉన్నాయి. పొయ్యి దగ్గర నిలబడి నిలబడి నా తుంటిలో ఒక ముడి కూర్చుంది, గింజంత. ఎవరు పట్టినా దొరకదు. ఆమె కళ్ళు మూసుకునే నా నడుము మీదినుంచి వేలు జరుపుకుంటూ వచ్చి, ఠక్కున ఆగేది. "ఇదిగో, ఇక్కడ దాక్కుంది. చుమ్, నువ్వూ రా ఇక్కడికి." నేను వెళ్ళేదాన్ని. ఎలా వెళ్ళేదాన్నో అడక్కండి. కళ్ళు మూసుకుని నా ఒంట్లోనే నడిచి ఆ వేలి కొస దాకా వెళ్ళేదాన్ని. అక్కడ ఆమె ఉండేది, నేనుండేదాన్ని, మధ్యలో ఆ నొప్పి ఉండేది. ముగ్గురం కాసేపు ఊరికే కూర్చునేవాళ్ళం. నొప్పికి కూర్చుని కూర్చుని విసుగొచ్చి లేచిపోయేది. ఒకసారి అలా పడుకున్నప్పుడు మా అమ్మ తడి బుట్ట వాసన వచ్చింది. అమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. లేచి ఏడ్చాను. సెంగ్లా అక్క మంచినీళ్ళిచ్చింది.

రెండు వానాకాలాల కిందట ఆమెకి జ్వరం వచ్చింది. చాలా రోజులు మంచం మీదే ఉంది. తగ్గాక మళ్ళీ మండపానికి వచ్చింది, చాప పరిచింది. ఊరంతా సంతోషించాం.

ఒక పొద్దున్న నా కొట్టుకి వచ్చింది. కుండలోంచి సలసల కాగుతున్న పులుసు కోడిపుంజు బొమ్మ గిన్నెలో పోసి, అరిటాకు ముక్క కోసం వెనక్కి తిరిగాను. ఆకు లేకుండా ఆ గిన్నె ఎవరూ పట్టుకోలేరు. తిరిగి చూసేసరికి ఆమె కుడిచేత్తో గిన్నె అంచు పట్టుకుని, బొటనవేలు పులుసులో ముంచి, తాపీగా నదికేసి చూస్తోంది.

"అక్కా! కాలట్లేదా?"

ఆమె గిన్నెకేసి చూసుకుంది. ఒక్క క్షణం ఆలస్యంగా, "ఆఁ, అవును, వేడిగానే ఉంది," అని కింద పెట్టింది.

కళ్ళున్న వేలు గుడ్డిదైపోయింది.

ఆ సంగతి ఊళ్ళో అందరికీ ఒంటి మీదే తెలిసింది. ఆ వేలు ఇప్పుడు నొప్పి పక్కనుంచి వెళ్ళిపోతోంది, ఇల్లు తెలియని చుట్టంలాగా. కానీ ఎవరన్నా అన్నారా? పని అయ్యాక ఆమె చేతులు కడుక్కుంటూ "పోయిందా?" అని అడుగుతుంది. "పోయిందక్కా, హాయిగా ఉంది," అంటారు. కుంటుకుంటూ మెట్లు దిగి, మలుపు తిరిగాక గోడ పట్టుకుని నిలబడి, మందుల కొట్టుకెళ్ళి నొప్పి పట్టీ కొనుక్కుంటారు. నడుముకో పట్టీ, భుజానికో పట్టీ. మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళే ముందు పట్టీ పీకేసి, వాసన రాకుండా నిమ్మగడ్డి నలిపి రుద్దుకుంటారు. నదిలో స్నానాలప్పుడు చూశాను, ఊరందరి వీపుల మీదా ఎర్రగా చదరపు మచ్చలే. పనిచేసేటప్పుడు కళ్ళు మూసుకునే ఉంటుంది కనక ఆమెకి ఒక్కటీ కనబడలేదు.

వెళ్ళడం మానేస్తే ఆమె బాధపడుతుందని వెళ్ళేవాళ్ళు. వెళ్ళి బాగైపోయేవాళ్ళు. ఇలాంటి దయ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటుందా అని నాకు ఒళ్ళుమండేది.

ఈ ఏడు మా ఊరి లెక్కలో తొమ్మిదో నెల దగ్గరపడింది. తొలివానలు పడే ఆ నెలలో ఒక గురువారం, విద్య ఉన్నవాళ్ళందరూ గురువు పళ్ళెంలో పూలు మార్చి మళ్ళీ గూట్లో పెట్టుకుంటారు. విద్య విడిచిపెట్టేవాళ్ళు పళ్ళేన్ని నదికి ఇచ్చేస్తారు. ఒకసారి ఇచ్చేశాక మళ్ళీ ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యకూడదు. సెంగ్లా అక్క వచ్చిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. "నా చెయ్యి మునుపట్లా ఉందా? నిజం చెప్పు. లేకపోతే పళ్ళెం నీళ్ళకిచ్చేస్తాను." అందరిదీ ఒకటే జవాబు, మునుపటి కంటే బాగుందని.

ఒకనాడు కొట్టు కడుగుతుంటే ఇన్తా అన్న వచ్చాడు. గుడి పెద్ద డోలు చేసింది అతనే, పండగలకి వాయించేదీ అతనే. ఊళ్ళో మొహమాటానికి పెద్దపీట వేస్తే దాని మీద కూర్చోవాల్సిన మనిషి. వెనకాల ఇంకో నలుగురున్నారు.

"ఏం చెల్లెమ్మా, వాన వచ్చేట్టుందే," అన్నాడు.

"వచ్చింది, తడుస్తున్నావు కూడా. లోపలికి రా."

"పర్లేదు, పర్లేదు. పులుసు వాసన బాగుంది."

"పులుసు అయిపోయి గంటైంది. గిన్నెలు కడిగిన నీళ్ళ వాసన అది. ఏం పనిమీద వచ్చావన్నా?"

ఇన్తా అన్న కాళ్ళు మార్చి నిలబడ్డాడు. కుడిభుజం పక్కకి ఒరిగిపోయి ఉంది. "ఏం లేదమ్మా. మనుషులన్నాక రకరకాల నోళ్ళుంటాయి..."

"నా నోటి గురించా?"

"ఛ ఛ! నీ నోటికేం, బంగారం. ఎప్పుడన్నా దానికీ కాస్త విశ్రాంతి..."

వెనకాలున్న ఒకావిడ ఆగలేకపోయింది. "అక్క రేపు నిన్ను రమ్మందటగా చుమ్మూ. నువ్వొక్కదానివీ నోరు జారకే, నీకు పుణ్యముంటుంది. పళ్ళెం పోతే ఆవిడ బతకదే."

"ఇన్తా అన్నా, నీ భుజం ఎలా ఉంది?" అన్నాను.

"బ్రహ్మాండంగా ఉందమ్మా."

"చెయ్యెత్తు."

అతను నవ్వుతూ ఎత్తబోయాడు. మోచెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. నవ్వు మాత్రం చెదరలేదు. నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. "పొండి, పొండి," అని నీళ్ళు వీధిలోకి కుమ్మరించాను.

మర్నాడు పొద్దున్న మండపానికి వెళ్ళాను. నది కనబడట్లేదు, అంతా తెల్లగా ఉంది.

"చుమ్, నీ నోటికి మొహమాటం లేదని ఊరంతా తిట్టుకుంటుంది," అంది సెంగ్లా అక్క. "నాకు ఇవాళ ఆ నోరే కావాలి. పడుకో."

పడుకున్నాను. పాదం మీద ఆమె అరచెయ్యి వాలింది. ఊపిరి, ఇంకో ఊపిరి. ఆ చెయ్యి మీదికి నా మనసు నడిచొచ్చింది, అలవాటైన ఆవులాగా. మంచు మండపంలోకి కూడా వచ్చేసిందనుకుంటా, అంచులు కరిగిపోయాయి. నా కాళ్ళెక్కడ అయిపోతాయో, చాప ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. టక్, టక్. పిక్క దాటింది, మోకాలి వెనక్కి వచ్చింది. ఆ చప్పుడుతో పాటే నేనూ పైకి నడిచాను. తుంటి దగ్గర ముడి పక్కన వెళ్ళి కూర్చుని ఎదురుచూశాను, పండక్కి అక్క వస్తుందని గుమ్మంలో కూర్చున్న పిల్లలాగా.

వేలు వచ్చింది. నాకు వేలెడు దూరంలో ఆగింది. అక్కడ నొక్కింది, శ్రద్ధగా, ప్రేమగా. ఆ ప్రేమ నాకు తెలుస్తూనే ఉంది. తలుపు పక్కన గోడని తడుతోంది.

"పోయిందా?" అంది.

గూట్లో పళ్ళెం మీద పూలు వాడిపోయి ఉన్నాయి. పోయిందక్కా అనేస్తే సరిపోతుంది. ఊరంతా అన్నమాటే. జీవితంలో మొదటిసారి నాకు నోరు పెగల్లేదు. మొహమాటమంటే ఇంత బరువుగా ఉంటుందా అనుకున్నాను. కానీ ఆమె నన్ను పిలిచింది ఈ నోటి కోసమే.

"పోలేదక్కా."

ఆమె చెయ్యి నా తుంటి మీదే ఉంది.

"ఎప్పట్నించి?"

"నీకు జ్వరం వచ్చినప్పట్నించి."

"నీకొక్కదానికేనా?"

ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. కానీ సగం నిజం చెబితే అది ముల్లులా లోపలే నాటుకుంటుంది, పూర్తిగా చెబితే బయటికొచ్చేస్తుంది అనిపించింది. "అందరికీ అక్కా. అందరూ పట్టీలు వేసుకుంటున్నారు."

చెయ్యి తీసేసింది. లేచి వెళ్ళి తొట్టిలో చేతులు ముంచింది. ఒకరి నొప్పి తన చేతిలో మిగిలిపోకుండా ప్రతిసారీ అలా కడుక్కుని విదిలిస్తుంది. ఈసారి విదల్చలేదు, నీళ్ళు మోచేతుల నుంచి కారుతున్నాయి.

"మంచిది చుమ్," అంది. "ఇన్నాళ్ళూ ఖాళీ ఇళ్ళు తడుతున్నాననుకున్నాను. మనుషులు లోపలే ఉండి తలుపు తీయలేదన్నమాట."

నా నాలుక కోసుకుందామనిపించింది.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. పళ్ళెం గురువారం నీళ్ళకి వెళ్తుంది. నన్ను ఎవరూ తిట్టలేదు, తిట్టడం మావాళ్ళకి రాదు. రోజూలాగే నా కొట్టుకి వచ్చారు, నూడుల్స్ కట్టించుకున్నారు, దండం పెట్టి వెళ్ళారు, మలుపు తిరిగాక కుక్కలకి పోశారు. ఆ వారం ఊరి కుక్కలు నున్నగా తయారయ్యాయి. బూరుగుపూలు కూడా వదలకుండా తిన్నాయి. నా కొట్టులో కూర్చుని తినడానికి ఒక్కరికీ మనసొప్పలేదు, కొనడం మానడానికి మొహమాటం అడ్డొచ్చింది. నాకు నవ్వూ రాలేదు, నిద్రా రాలేదు.

గురువారం సన్నగా వాన. నది పొంగలేదు గానీ రంగు మారింది. సెంగ్లా అక్క తెల్లటి పైగుడ్డ భుజాన వేసుకుని, పళ్ళెం పట్టుకుని మెట్లు దిగింది. కొత్త పూలు, కొత్త వత్తులు, మధ్యలో చింతకర్ర సుత్తి, మేకు. ఊరంతా ఒడ్డు మీద నిలబడింది. వత్తులు ఆరిపోకుండా ఆమె తల మీద గొడుగు పట్టే పని ఇన్తా అన్న తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడంటే ఎవరో పట్టమన్నారు, కాదనలేకపోయాడు.

నేను కింది మెట్టు మీద ఉన్నాను. పొయ్యి మీద కుండ వదిలేసి వచ్చేశాను.

ఆమె మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది, అతనూ దిగాడు. ఆమె పళ్ళెం ఎత్తి పట్టుకుని పన్ తాత పేరు తలుచుకోవడం మొదలుపెట్టింది. అది చాలా పొడుగు తలపు. గురువు, గురువుకి గురువు, వాళ్ళకి విద్య చెప్పిన కొండలు, చెట్లు, గేదె కూడా. ఆమె గొంతు వానలో కలిసిపోయి నీళ్ళే మాట్లాడుతున్నట్టుంది. ఆ గొంతు వింటూ నేను ఒక్క క్షణం అక్కడ లేను. మంచులో, చాప మీద ఉన్నాను.

పళ్ళెం మీద వానచుక్క పడి ఒక వత్తి చుయ్‌మంది. గొడుగు పక్కకి ఒరిగింది. ఇన్తా అన్న ఎడంచేత్తో కుడి మోచేతిని ఎత్తిపట్టి సర్దాడు. మళ్ళీ ఒరిగింది. ఇంకో వత్తి ఆరింది.

"ఇన్తా, గొడుగు," అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.

"పర్లేదక్కా," అన్నాడు. ఏమిటి పర్లేదో అతనికే తెలియాలి. చెయ్యి గడగడా వణుకుతోంది, మొహం మీద అదే నవ్వు. గొడుగు చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. బోర్లా తిరిగి, మెల్లగా, మా అందరి ముందునుంచీ తేలుకుంటూ వెళ్ళిపోయింది. ఎవరూ దాన్ని పట్టుకోలేదు.

ఆమె కళ్ళు తెరిచింది. అతనికేసి చూసింది. పనిలో ఉన్నప్పుడు ఆమె కళ్ళు తెరిచి మనిషిని చూడటం ఊళ్ళో ఎవరూ ఎరగరు.

"పర్లేదు..." అన్నాడు ఇన్తా అన్న మళ్ళీ. అంతలో ఆ నవ్వు ఊడిపోయింది. అరవయ్యేళ్ళ మనిషి కింది పెదవి చిన్నపిల్లాడి పెదవిలా వణికింది. "పర్లేదు కాదక్కా. నొప్పిగా ఉంది."

ఆ మాట మా ఊళ్ళో అంత గట్టిగా ఎవరూ అనగా నేను వినలేదు. ఒడ్డు మీద అందరూ తలలు దించుకున్నారు, ఎవరో బట్టలు లేకుండా నిలబడ్డట్టు.

"ఎక్కడ?" అంది సెంగ్లా అక్క.

"అదే... ఎక్కడైనా ఫర్వాలేదు, నీకు వీలైన చోట..."

"ఎక్కడో సరిగ్గా చెప్పి ఏడువు అన్నా!" అని అరిచాను నేను. ఇక ఆగడం నా వల్ల కాలేదు.

ఆమె చుట్టూ చూసింది, పళ్ళెం పెట్టడానికి నీళ్ళు తప్ప ఏమీ లేవు. రెండడుగులు వేసి వచ్చి దాన్ని నా చేతుల్లో పెట్టింది. "పట్టుకో. నీళ్ళకి తగలనివ్వకు," అంది. మళ్ళీ వెళ్ళి అతని వెనకాల నిలబడి, భుజం మీద కుడి అరచెయ్యి వేసింది. కాసేపు ఇద్దరూ కదలలేదు. వాన పడుతోంది. అతని వీపు లేచి పడటం, ఆమె భుజాలు లేచి పడటం చూస్తూనే ఉన్నాను, ముందు వేరువేరుగా, తర్వాత కలిసి.

"నా వేలికి కళ్ళు పోయాయి ఇన్తా," అంది. "నువ్వే దారి చెప్పాలి. అక్కడికి వెళ్ళి నిలబడి నన్ను పిలువు."

"ఇంకొంచెం కింద."

"ఇక్కడా?"

"ఆఁ, బాగుందక్కా."

"బాగుందా అని అడగలేదు. ఇక్కడా అన్నాను."

అతను ఊపిరి తీసుకున్నాడు. "కాదు. ఏమీ అనుకోకు... కాదు. ఎడం పక్కకి. ఇంకొంచెం. అది కాదు, దాని వెనకాల."

వేలు జరిగింది, ఆగింది. మళ్ళీ జరిగింది. గుడ్డిమనిషి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చినట్టు అతను ఒక్కొక్క మాటతో దాన్ని తీసుకొచ్చాడు.

"అదిగో," అన్నాడు. "అక్కా, అదే."

ఆమె బరువంతా ఆ వేలి మీద ఆనించింది. ఇన్తా అన్న నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. ఎన్నేళ్ళనించి లోపలున్నదో ఏమో, నది దాటి వెళ్ళింది. అవతలి ఒడ్డున మేస్తున్న గేదె తలెత్తి చూసింది.

సెంగ్లా అక్క నవ్విందో ఏడ్చిందో వానలో తెలియలేదు. "ఇలా అరిచి చావడానికి ఇన్నాళ్ళా నీకు?" అంది. "ఇంకా చెప్పు. ఇప్పుడెక్కడికి పోయింది?"

నొప్పి పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఆ పూట చెయ్యి గడ్డం దాకా లేచింది. "సగం పోయింది, సగం ఉంది," అని అతనే చెప్పాడు కనక నమ్మాను.

నేను మాత్రం మోకాళ్ళ లోతు నీళ్ళలోకి ఎప్పుడు దిగానో తెలియదు. పళ్ళెం రెండు చేతులతో గుండెకి ఆనించుకుని నిలబడ్డాను. నది నా కట్టుగుడ్డ అంచు పట్టి లాగుతోంది. అక్కడ కొట్టులో పులుసు మాడి వాసన వస్తోంది. మాడనీ. పళ్ళెంలో ఒక్క వత్తి ఇంకా వెలుగుతోంది, దానికి వాన తగలకుండా తల వంచి పట్టుకున్నాను.

వెనకాల ఒడ్డు మీద ఎవరో పట్టీ పీకిన చప్పుడైంది. ఆ తర్వాత ఒక గొంతు, మెల్లగా, మహా మొహమాటంగా, "నాకు... మోకాలు," అంది.